పాదానికి తగలని అర్జీ

నాపరాళ్లపాడులో మూడేళ్లు నిండిన అర్జీ మంచుగా మారిపోతుంది కాబట్టి, మే నెలలో నలభై ఆరు డిగ్రీల ఎండ కాసే రోజున కూడా డివిజన్ ఆఫీసు వెనక గుట్ట మీద నడుములోతు మంచు ఉంటుంది.

ఇందులో వింతేమీ లేదు. గడువు నిండిన రోజు పొద్దున కాగితం అంచులు చల్లబడతాయి, మధ్యాహ్నానికి అక్షరాలు తెల్లబడతాయి, ఆఫీసు మూసే వేళకి ఫైలు దులిపితే పొడిపొడిగా రాలుతుంది. అటెండరు మస్తాన్‌వలి ఆ పొడిని తట్టకెత్తి గుట్ట మీద పోసి వస్తాడు. ఎండకి అది కరగదు. అర్జీ ముగిసిందని సంతకం పడితేనే కరుగుతుంది. అంతవరకు ఎవరైనా గుప్పెడు తీసుకుని నోటి ఆవిరి ఊదితే అరచేతిలో మళ్లీ కాగితమవుతుంది, చదువుకుని ఉన్నచోట పెట్టేయాలి. ఒకసారి చెరుకురసం బండివాడు అడక్కుండా బిందెడు ఎత్తుకుపోయి గ్లాసుల్లో వేశాడు. తాగినవాళ్లందరికీ ఎవరివో పొలం గట్ల తగాదాలు గుర్తొచ్చి, బండి దగ్గరే చొక్కాలు పట్టుకున్నారు. అప్పట్నుంచి గుట్ట చుట్టూ కంచె వేసి, 'అర్జీలు తినరాదు' అని రాసిపెట్టారు.

ఆ మంచు సంగతి తెలిసి రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చింది. మంచు ఉన్నచోట తక్షణం స్నో బోర్డు ఏర్పాటు చేయవలెను అని. బోర్డు అనగానే మనవాళ్లకి ఏం తోస్తుంది? కరెంటు బోర్డు, హౌసింగ్ బోర్డు. చైర్మన్‌ని వేశారు, కార్యదర్శిని వేశారు, అయిదుగురు సభ్యుల్ని వేశారు. చైర్మన్‌కి కారిచ్చారు. ఎనిమిది నెలలు సమావేశాలు జరిగాక ఎక్కడో చలిదేశం నుంచి పొడవాటి అట్టపెట్టె వచ్చింది. విప్పి చూస్తే మంచు మీద నిలబడి జారే నిలువెత్తు పలక ఒకటి, కింద అద్దంలా నున్నగా, రెండంచులకి ఉక్కు పట్టీతో. పెట్టె మీద బోర్డు అనే రాసి ఉంది.

ఇంకో ఊరివాళ్లయితే నాలిక్కరుచుకునేవాళ్లు. నాపరాళ్లపాడు ఆఫీసులో ఆ అలవాటు లేదు. బోర్డు వచ్చింది, బోర్డు చైర్మన్ ముందునుంచే ఉన్నారు, బోర్డు మీద చైర్మన్ ఉండాలన్నది న్యాయమే గదా, ఎక్కించండి అన్నారు. ఆరుగురు పట్టరు కాబట్టి సభ్యులు అయిదుగురూ కింద కుర్చీల్లో కూర్చుని ఉంటే చాలని తీర్మానించారు.

చైర్మన్ వీరరాఘవులు గారికి ఊళ్లో పిండిమర ఉంది. అరవై దాటినా మనిషి గట్టివాడు, మనసు మాత్రం మెత్తన. ఎవరైనా ఏడిస్తే తనూ ఏడుస్తారు. అందుకని ఎవరూ ఏడవని చోట కూర్చోవడానికి ఇష్టపడతారు. ఆర్నెల్లు పడుతూ లేస్తూ, మోకాళ్లకి పసుపు, సున్నం పట్టించుకుంటూ ఆ విద్య నేర్చుకున్నారాయన. అది అందరూ అనుకునే జారుడు పలక కాదు. దాన్ని పక్కకి వాల్చి ఉక్కు అంచు మీద నిలబెడితే, తన నడుము వంపు ఎంతో అంత వంపులో మంచుని కోసుకుంటూ పోతుంది. కొండ పైనుంచి కింది దాకా పాములా వంపులు తిరిగిన సన్నని గాడి మిగులుతుంది. అలా గాడి పడితేనే దిగినట్టు లెక్క. గాడి కాకుండా మంచు చెదిరితే సభ్యులు ఒప్పుకోరు.

ప్రతి సోమవారం పదకొండింటికి చైర్మన్ గుట్ట దిగుతారు. దిగేటప్పుడు ఏ అర్జీ ఆయన పాదానికి తగిలితే అది చైర్మన్ దృష్టికి వచ్చినట్టు. దృష్టికి వచ్చిన అర్జీ మీద వారం లోపు పని మొదలుపెట్టాలి. దీన్ని ఆఫీసులో పాద నియమం అంటారు. అర్జీలు పాదాల దగ్గరే గదా పెట్టుకునేది, పాదాలకే తెలియాలి అని ఎవరో మంచి ఉద్దేశంతో రాసిన నియమం. చిక్కేమిటంటే అర్జీలు నిజంగానే తగులుతాయి. పింఛను అర్జీలు చీమ కుట్టినట్టుంటాయి. పొలం సర్వేవి బరబరా గీరుతాయి. ఉద్యోగం పోయినవాళ్లవి పొడుస్తాయి. ఒక్క సోమవారం దిగితే నలభై, యాభై. వీరరాఘవులు గారికి మోకాళ్లు వాచాయి, అన్నం సయించడం మానేసింది. ఇక నా వల్ల కాదని ఆయన రాజీనామా రాసిన రోజునే కార్యదర్శి హేమలతాదేవి ప్లేటుకి ఆర్డరు పెట్టింది.

ప్లేటంటే మూరెడున్నర లోహపు పలక. బోర్డుకి, బూట్లకి మధ్య బిగిస్తారు. బోర్డుని నేరుగా అంటకుండా ముందొక ఇరుసు మీద, వెనకొక ఇరుసు మీద అంగుళమెత్తున నిలబడుతుంది. ముందు ఇరుసు తిరుగుతుంది, వెనకది ముందుకీ వెనక్కీ జరుగుతుంది. మధ్యలో రబ్బరు బిళ్లలు. కింద బోర్డు ఎంత వంగినా, ఎంత వణికినా ఆ వణుకు ప్లేటు దగ్గరే ఆగిపోతుంది. పైన నిలబడ్డ మనిషి కాళ్లకి ఏమీ తెలియదు. బాగా బిగిస్తే ఏమీ అంటే ఏమీ తెలియదు. ఆ బాగా బిగించడమన్నది పరీక్షకుడి చేతిలో ఉంది.

బోర్డు పరీక్షకుడి పేరు అంకారావు. పదేళ్లు బస్టాండు పక్క టైర్ల కొట్లో చక్రాలకి బ్యాలెన్సింగ్ చేసిన మనిషి. స్టీరింగు మీద రెండు వేళ్లు ఆనిస్తే ఏ చక్రంలో ఎన్ని గ్రాముల తేడా ఉందో చెప్పేవాడు. ఆ వేళ్ల పేరు చెప్పే అతన్ని కాంట్రాక్టు మీద తీసుకున్నారు. బోర్డు అంచుల్ని ఆకురాయితో ఎనభై ఎనిమిది డిగ్రీలకి సానబెట్టడం, అడుగున మైనం కాచి పూసి ఇస్త్రీ పెట్టెతో నున్నగా చేయడం, చైర్మన్ గారి ముందు కాలిని అరవై డిగ్రీలకి, వెనక కాలిని యాభై అయిదుకి తిప్పి పట్టీలు బిగించడం అతని పని. సోమవారానికి ముందు శనివారం తనే ఒకసారి గుట్ట దిగి అంతా సరిగా ఉందని సంతకం పెడతాడు.

అలా దిగుతున్నప్పుడే రెండేళ్ల కిందట గుట్ట మధ్యలో, ఎడమ వంపు మొదలయ్యేచోట, అతని మడమకి మూడు దెబ్బలు తగిలాయి. మెల్లగా, ఆగి ఆగి, తలుపు కొట్టినట్టు. అంకారావు ఆగి, వంగి, గుప్పెడు మంచు తీశాడు గానీ ఊదలేదు. ఊదక్కర్లేదు. అది ఎవరిదో వేళ్లకే తెలిసింది.

అతని భార్య తిరపతమ్మ రాసిన అర్జీలవి. వెంటవెంటనే మూడుసార్లు ఇచ్చింది, మూడూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వాళ్లుండేది ఊరవతల, ఎద్దువాగు ఒడ్డున. వాగు మీద వంతెన లేదు, చప్టా ఉంది. నీళ్లు లేనప్పుడు రోడ్డు, వచ్చినప్పుడు వాగు. అయిదేళ్ల కిందట శ్రావణంలో తిరపతమ్మ తమ్ముడు పోతురాజు బండి మీద మిరప నారు కట్టలు కట్టుకుని ఆ చప్టా ఎక్కాడు. బండి రెండు ఫర్లాంగుల దిగువన తుమ్మచెట్లలో దొరికింది. నారు కట్టలు కూడా దొరికాయి. పోతురాజు దొరకలేదు. దొరకనివాడు పోయాడని ఏ ఆఫీసూ రాసివ్వలేదు. తిరపతమ్మ మాత్రం కాగితం మడిచి, చప్టా తీసేసి వంతెన కట్టండయ్యా, నా తమ్ముడితో సరిపెట్టండయ్యా అని రాసింది. ఏడో తరగతి చదువు, గుండ్రని దస్తూరి.

రెండేళ్లుగా అంకారావు చైర్మన్ గారి వెనక కాలు ఆ వంపులో సరిగ్గా ఆ చోటికి వచ్చేట్టు పట్టీలు అటూ ఇటూ జరుపుతూ వస్తున్నాడు. ప్రతిసారీ ఆయన జానెడు పక్కగా పోయేవారు. అరవయ్యేళ్ల మనిషి గాడి ఒక్కసారైనా అనుకున్నచోట పడుతుందా! అయినా ఏదో ఒక సోమవారం పడుతుందని మొగుడూ పెళ్లాలిద్దరికీ నమ్మకం. ఇప్పుడేమో ప్లేటొచ్చింది.

"దిగేటప్పుడు కాళ్లకేం తెలవదంట," అన్నాడు అంకారావు ఆ సాయంత్రం ఇంటికొచ్చి.

తిరపతమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆపింది.

"ఏం తెలవదంటే? మన కాయితం గూడానా?"

"బిగించేదాన్నిబట్టి ఉంటది. నల్ల బిళ్లలేసి గట్టిగా బిగిస్తే కొంచెం తెలుస్తది. తెల్ల బిళ్లలేసి వొదులుగా పెడితే పిడుగు పడినా తెలవదు."

"బిగించేది నువ్వేగా బావా," అంది తిరపతమ్మ, మళ్లీ బియ్యంలో రాళ్లు ఏరుతూ.

అంకారావు ఊఁ అన్నాడు. బిగించేది తనే. ఆ మాట పుచ్చుకుని అతను రెండు రోజులు గాల్లో నడిచాడు. నాలుగు బిళ్లలు, ఎనిమిది మరలు, మొత్తం తన చేతిలోనే ఉన్నాయి గదా!

మొదటి పరీక్ష గురువారం పెట్టారు. అంకారావు నాలుగు చోట్లా నల్ల బిళ్లలేశాడు. నల్లవి రాయిలా ఉంటాయి. జరగాల్సిన వెనక ఇరుసుని జరక్కుండా మర బిగించేశాడు. రెండు కాళ్ల మధ్య ఎడం అర అంగుళం పెంచాడు, బరువు వెనక మడమ మీద పడేట్టు. ప్లేటు ఉందన్న పేరుకి ఉంది. చూడటానికి వెండి పళ్లెంలా మెరుస్తోంది కూడా. చైర్మన్ గారు దాన్ని ముట్టుకుని, కళ్లకద్దుకుని ఎక్కారు.

పైనుంచి మొదటి రెండు వంపులూ చక్కగా వచ్చాయి. మూడో వంపులో ఎడమకి వాలారు. అంకారావు కింద మునివేళ్ల మీద లేచి చూశాడు. ఈసారి గాడి జానెడు పక్కకి పోలేదు, వెంట్రుకవాసి కూడా పోలేదు. వీరరాఘవులు గారు ఒక్కసారిగా బోర్డుని అడ్డం తిప్పి ఆగిపోయారు. మంచు లేచి సభ్యుల మొహాల మీద పడింది.

"ఎవరో తలుపు కొడుతున్నారయ్యా," అన్నారాయన పైనుంచే. "మూడుసార్లు కొట్టారు."

మస్తాన్‌వలి పరిగెత్తి, ఆ చోట గుప్పెడు తీసి ఊదాడు. అరచేతిలో అర్జీ తేలింది. చైర్మన్ గారు బూట్లు విప్పకుండానే, ఆ వాలులోనే కూర్చుని చదివారు. మిరప నారు దగ్గరికి వచ్చేసరికి ఆయన చదవడం ఆపేశారు. కండువా తీసి కళ్లు తుడుచుకున్నారు. తుడుచుకున్నా ఆగలేదు. అంకారావుకి ఆయన కాళ్ల మీద పడాలనిపించింది. ఇన్నాళ్లకి ఒక్కడు చదివాడు, ఏడ్చాడు, ఇంకేం కావాలి!

"ఎవరమ్మా ఈ తిరపతమ్మ?" అన్నారు చైర్మన్.

"మా ఇంటామేనండీ," అన్నాడు అంకారావు.

అప్పుడు కార్యదర్శి హేమలతాదేవి గొడుగు మూసి, ఫైలు తెరిచింది. ఆమె చెడ్డ మనిషేమీ కాదు. ఆఫీసులో ఎవరింట్లో పెళ్లైనా ముందుగా వచ్చి చివరిగా వెళ్లే మనిషి. నియమం కూడా ఆమెకి ఇంట్లో మనిషిలాంటిదే, దాన్ని ఎవరైనా ఏదైనా అంటే ఊరుకోదు.

"సార్, ఇది దిగడం కాదు, పరీక్ష," అంది. "పరీక్షలో తగిలినవి దృష్టికి వచ్చినట్టు కాదు. పరీక్షలో ఏదైనా తగిలిందంటే ప్లేటు పని చేయలేదని అర్థం. అంతే."

"అంతేనంటావా అమ్మా?" అన్నారు చైర్మన్ ఆశగా. ఏ వైపు ఆశగానో అంకారావుకి ఆ క్షణంలో అర్థం కాలేదు.

"అంతే సార్. ఆ కాగితం ఉన్నచోట పెట్టించండి."

సభ్యులు అయిదుగురూ చేతులెత్తారు. మస్తాన్‌వలి అర్జీని గుట్ట మీద ఉంచాడు, అది మళ్లీ తెల్లబడింది. వీరరాఘవులు గారు కిందికి నడిచి వచ్చి అంకారావు భుజం మీద చెయ్యేశారు.

"అబ్బాయ్, నామీద కోపం పెట్టుకోమాక. నాకు తగిలితే అన్నం దిగదయ్యా. అట్టాంటివి గుట్టంతా ఉన్నయ్. ఒక్కటి తగిలితే ఏడ్చి, నాలుగు కేకలేసి ఏదోటి చేయిస్తా. యాభై తగిలితే నేనేమైపోవాల? నువ్వే చెప్పు."

ఆయన మాటలో అంకారావుకి అబద్ధం కనపడలేదు. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది. దొంగ మనిషైతే ఇంటికెళ్లి నాలుగు తిట్టుకుని పడుకునేవాడు.

శుక్రవారం పొద్దున హేమలతాదేవి అతన్ని గదిలోకి పిలిచి కూర్చోమంది. కాంట్రాక్టు మనిషిని కూర్చోమనడం ఆ ఆఫీసులో మంచి సూచన కాదు.

"చూడు అంకారావ్. పాద నియమానికి కొత్తగా ఒక వాక్యం చేర్చారు. ధ్రువీకరించిన బోర్డుతో గుట్టంతా దిగినా తగలని అర్జీ ఉంటే, దాంట్లో ఇబ్బంది లేదని ముగించేయొచ్చు. ముగిస్తే కరిగిపోద్ది. గుట్ట ఖాళీ అవుద్ది. ఎన్నేళ్ల నుంచో మోస్తన్నాం గదా అందరం."

"ఇబ్బంది ఉన్నా గూడా ముగిస్తారా మేడం?"

"ఉంటే తగుల్తది గదయ్యా," అంది ఆమె. అంత తేలిక సంగతి ఇతనికి ఎందుకు తట్టలేదో అన్నట్టు చూసింది. "పనికొచ్చే బోర్డు మీద నిలబడి దిగితే తగల్లేదంటే, లేదనేగా? బోర్డు పనికొస్తదా లేదా అన్నది నువ్వు చెప్పాల. రేపు పరీక్ష. నీకు చేతకాదంటే చెప్పు, గుంటూరు నుంచి ఇంకొకర్ని పిలిపిస్తా. నిన్ను మళ్లీ టైర్ల కొట్టుకి పంపడం నాకిష్టం లేదు. నీ వేళ్లు మంచివి."

బెదిరింపు కాదది. ఆమె నిజంగానే అతని వేళ్లని మెచ్చుకుంది. అంకారావు గదిలోంచి బయటికి వచ్చి, బోర్డు ముందు బల్ల మీద కూర్చుని సాయంత్రం దాకా లేవలేదు. నల్ల బిళ్లలు వేస్తే పరీక్ష పోతుంది, ఉద్యోగం పోతుంది, గుంటూరు నుంచి వచ్చినవాడు తెల్ల బిళ్లలు వేస్తాడు. తెల్లవి వేస్తే తిరపతమ్మ అర్జీ పోతుంది. ఎటు తిప్పినా పోయేది పోతోంది. అలాంటప్పుడు ఉద్యోగమైనా ఉంచుకుందామని మనిషికి అనిపించడంలో తప్పుందా? తప్పు లేదని అంకారావు తనకి తాను మూడుసార్లు చెప్పుకున్నాడు. నాలుగోసారి చెప్పుకోవాల్సి రాకముందే లేచి మరలు విప్పాడు.

ఇంత నొచ్చుకుంటూ మొదలుపెట్టిన మనిషి, పనిలో పడ్డాక నొచ్చుకోవడం మర్చిపోయాడు. పనిమంతులతో వచ్చిన చిక్కే అది. ముందు ఇరుసుకి ఒక చుక్క నూనె వేసి తిప్పి చూశాడు. వెనక ఇరుసు జరగడానికి ఎంత సందు కావాలో గోటితో కొలిచాడు. తెల్ల బిళ్లలు నాలుగూ వేసి బిగిస్తే ప్లేటు మరీ ఊగుతోంది. ముందు రెండూ తెల్లవి ఉంచి, వెనక రెండూ మధ్యరకం ఎర్రవి వేశాడు. ఊగు పోయింది. ఎనిమిది మరల్నీ ఒకే బిగువుకి తెచ్చాడు, పిడి మీద రెండు వేళ్లతో, కళ్లు మూసుకుని. బోర్డు రెండు కొనలు పట్టి వంచితే విల్లులా వంగింది, పైన ప్లేటు మాత్రం కదల్లేదు. బోర్డు కింద ఇనప సుత్తితో కొట్టి, పైన అరచెయ్యి పెట్టి చూశాడు. చేతికి ఏమీ తెలియలేదు. ఆహా అనుకున్నాడు. అనుకుని, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాడు.

శనివారం తొమ్మిదింటికి అతనే ఎక్కాడు. నియమం ప్రకారం పరీక్షకుడు స్వయంగా దిగి, తనకేమీ తగల్లేదని రాయాలి. గుట్ట పైన నిలబడితే ఊరంతా కనపడుతుంది, సున్నపు బట్టీలు, రైలు కట్ట, ఎండిపోయిన ఎద్దువాగు, దాని మీద తెల్లగా చప్టా. అంకారావు బూట్ల గడియలు వేసుకుని ముందుకి వాలాడు.

బోర్డు బయల్దేరింది. ఎడమకి వాలితే ఎడమకి, కుడికి వాలితే కుడికి, మంచు కత్తికి వెన్నలా తెగుతోంది. గాలి చెవుల పక్కనుంచి పోతోంది గానీ కాళ్లకి మాత్రం గుట్ట లేదు. పింఛన్లు లేవు, పొలం గట్లు లేవు. మూడో వంపు దగ్గరికొచ్చినప్పుడు అతను అలవాటు కొద్దీ పళ్లు బిగించాడు. ఆ చోటు వచ్చింది, వెళ్లిపోయింది. దెబ్బలు లేవు. కిందికి చేరేదాకా అది దాటిపోయిన సంగతి అతనికి తెలియలేదు.

కింద ఆగి అంకారావు భయపడ్డాడు. కాళ్లున్నాయా అని వంగి తడుముకున్నాడు. ఉన్నాయి. అయిదేళ్లలో మొదటిసారి అతని కాళ్లకి నొప్పి లేదు, మనసుకి బరువు లేదు. ఇంత సుఖం ఉంటుందా మనిషికి అనుకున్నాడు. ఒక్కసారి దిగితే చాలు, నియమంలో అంతే ఉంది. అంకారావు మళ్లీ పైకెక్కి రెండోసారి దిగాడు. తర్వాత మూడోసారి కూడా దిగాడు. మూడోసారి దిగినప్పుడు ఆ వంపులో పాట అందుకున్నాడని మస్తాన్‌వలి ఇప్పటికీ చెబుతాడు. అంకారావు ఒప్పుకోడు.

తర్వాత బల్ల దగ్గరికి వెళ్లి, 'దిగితిని, ఏమీ తగలలేదు' అని రాసి సంతకం చేశాడు. అది అబద్ధం కూడా కాదు.

సోమవారం వీరరాఘవులు గారు గుట్ట దిగారు. పైనుంచి కింది దాకా ఒక్క గాడి, తెగలేదు, చెదరలేదు. సభ్యులు లేచి చప్పట్లు కొట్టారు. చైర్మన్ గారి మొహం పసిపిల్లాడి మొహంలా విప్పారింది. "ఊళ్లో ఎవరికీ ఏ బాధా లేదమ్మా," అన్నారు హేమలతాదేవితో. "నాకిప్పుడే తెలిసింది." ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషానికి కూడా ఏడ్చే మనిషే ఆయన. ఆ మధ్యాహ్నం అర్జీలన్నీ ముగిశాయని రిజిస్టరు మీద ఒకే సంతకం పడింది.

ఇంట్లో తిరపతమ్మ అడిగింది, తగిలిందా బావా అని.

"బోర్డు బాగా నడిచింది," అన్నాడు అంకారావు. చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తూ, "చానా బాగా నడిచింది," అన్నాడు.

మంగళవారం గుట్ట కరిగింది. కరిగిన నీళ్లు పోవడానికి కాలవ తవ్వాలని ఎవరికీ తోచలేదు, ఎందుకంటే కాలవ తవ్వమన్న అర్జీ కూడా ముగిసింది. నీళ్లు వాటంతటవే పల్లం చూసుకుని ఎద్దువాగులోకి దిగాయి. బుధవారం పొద్దుటికి, ఆకాశంలో మబ్బు తునక లేని ఎండలో, చప్టా మీద మోకాలెత్తు నీళ్లు పారుతున్నాయి. మే నెలలో వాగొచ్చిందని జనం ఒడ్డుకి వచ్చి చూసి వెళ్లారు. నీళ్లు చల్లగా ఉన్నాయని పిల్లలు చెప్పారు.

ఆ మధ్యాహ్నమే ఉత్తరాలు వచ్చాయి, ఇంటింటికీ. అంకారావు భోజనానికి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే తిరపతమ్మ గుమ్మంలో నిలబడి తనకొచ్చింది పైకి చదివింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని, ఎక్కడా తొందరపడకుండా.

"తమరి అర్జీల మీదుగా ధ్రువీకరించిన బోర్డుతో ప్రయాణించి చూడగా ఎటువంటి ఇబ్బందియు తగలలేదు. కావున అందులో పేర్కొన్న సంఘటన జరగలేదని నిర్ధారించి, అర్జీలను ముగించడమైనది. పరీక్షించినవారు, అంకారావు."

చదివి, మళ్లీ మొదట్నుంచీ చదివింది. సంతకం మీద వేలు పెట్టి చూసింది.

"ఇది నీ సంతకమే," అంది.

"నాదే," అన్నాడు అంకారావు. చెంబులో నీళ్లయిపోయినా ఇంకా కాళ్ల మీద ఒంచుతూనే ఉన్నాడు. అతను తిట్లకి సిద్ధపడ్డాడు, ఏడుపుకి సిద్ధపడ్డాడు. ఉత్తరం మొహాన కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

తిరపతమ్మ ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్‌లో దోపుకుంది.

"నువ్వు చూసుకోకుండా సంతకం పెట్టే మనిషివి గాదు బావా. నీ వేళ్ల సంగతి నాకు తెలవదా?" అంది. ఆ గొంతులో ఎగతాళి ఉందేమోనని అంకారావు తలెత్తి చూశాడు. లేదు. "జరగలేదని రాశారంటే జరగలేదు. మన పోతురాజు పోలేదన్నమాట."

ఆమె లోపలికి వెళ్లి, ఉట్టి మీద నుంచి గోంగూర పచ్చడి జాడీ దించింది. ఉల్లిపాయ కోసింది. పచ్చడిలో పచ్చి ఉల్లిపాయ నంజుకునే అలవాటు ఆ ఇంట్లో ఇంకెవరికీ లేదు. మూడు పీటలు వాల్చింది, మూడు కంచాల్లో అన్నం పెట్టింది.

"చల్లారిపోతంది. వాణ్ణి పిలువు," అంది.

అంకారావు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. వీధిలో ఎదురింటి దానమ్మ తన ఉత్తరం చూసుకుని, రెండేళ్లుగా చుక్క రాని కుళాయి కింద బిందె పెట్టి పక్కన కూర్చుని ఉంది. ఆ పక్కింటి ముసలాయన పింఛను తీసుకోవడానికి తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయల్దేరుతున్నాడు. ఇద్దరి మొహాలూ తేటగా ఉన్నాయి. ముసలాయన అంకారావుని చూసి, నీ చలవేనయ్యా అని దణ్ణం కూడా పెట్టాడు.

"పోతురాజూ!" అని పిలిచాడు అంకారావు. వాగు వైపు తిరిగి, నోటికి చేతులు అడ్డం పెట్టుకుని, గట్టిగా పిలిచాడు. "ఒరే పోతురాజూ! అన్నం తిందువుగాని రారా!"

నీళ్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. తిరపతమ్మ కూడా వచ్చి అతని పక్కన నిలబడింది. చెయ్యి నొసటికి అడ్డం పెట్టుకుని ఎండలోకి చూసింది.

"వాగొచ్చింది గదా బావా. చుట్టు తిరిగి రావాల," అంది. "కాసేపు చూసి మనం తిందాం."